టైల్స్ సందుల్లో నలుపు, పసుపు: యాసిడ్ పక్కన పెట్టి ముందు ఒక నిమ్మచెక్క తీసుకోండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు సొంత ఫ్లాటు, రెండు బాత్రూమ్‌లు, కట్టి 9 ఏళ్ళు. బోరు నీళ్ళు, ఎండాకాలం ట్యాంకర్లు. తెల్లగా ఉండాల్సిన టైల్స్ సందులు షవర్ కింద నల్లబడ్డాయి, గోడ మీద పసుపు తిరిగాయి, నాహని ట్రాప్ (నేల మీద నీళ్ళు బయటికి పోయే జాలీ) చుట్టూ గోధుమ రంగుకు వచ్చాయి. నెలకోసారి యాసిడ్ పోయిస్తే నాలుగు రోజులు బాగుండి, మళ్ళీ ముందటి కంటే ఎక్కువ నల్లబడుతున్నాయన్నారు. వంటసోడా, వెనిగర్ కలిపి పూసినా ఫలితం లేదు. ఎవరో సందులన్నీ తీసి, నీళ్ళు తాగని ఎపాక్సీ మందుతో మొత్తం నింపించెయ్యమన్నారు. ఇంట్లో అత్తగారికి ఆయాసం కాబట్టి ఘాటైన మందులు వద్దంటున్నారు.

నేను 1999లో కదిరి నుంచి బెంగళూరు వచ్చి ఒక టైల్స్ మేస్త్రీ దగ్గర హెల్పరుగా చేరాను. అప్పటి నుంచి ఇదే పని. మీరు చెప్పిన బాత్రూమ్ లాంటివి మారతహళ్ళి, కె.ఆర్.పురం, బెళ్ళందూరు వైపు ఎన్ని చూశానో లెక్క లేదు. అందుకే ముందు ఒక్క మాట చెప్తాను: యాసిడ్ ఈరోజే ఆపేయండి. మీ సందులు మరకల వల్ల పాడైన దానికంటే యాసిడ్ వల్ల పాడైందే ఎక్కువ అయ్యుంటుంది.

ఎలాగంటే, టైల్స్ మధ్య నింపేది సిమెంటు. మీ ఫ్లాటు వయసు చూస్తే అది అసలు గ్రౌట్ (సందులు నింపడానికే తయారు చేసి అమ్మే మిశ్రమం) కూడా కాకపోవచ్చు. ఆ రోజుల్లో చాలా అపార్ట్‌మెంట్లలో బిల్డరు ఇచ్చిన వైట్ సిమెంటును నీళ్ళలో జారుగా కలిపి, రబ్బరు ముక్కతో సందుల్లోకి రాసి, గోనెపట్టాతో తుడిచేసేవాళ్ళం. నేనూ అలాగే నింపాను, వేల చదరపు అడుగులు. ప్యాకెట్లో వచ్చే గ్రౌట్‌లో సన్నని ఇసుక, అంటుకునేందుకు పాలిమర్లు ఉంటాయి. ఒట్టి వైట్ సిమెంటులో అవేవీ లేవు. ఆరేటప్పుడు సన్నగా నెరలు విడుస్తుంది, నీళ్ళు తాగుతుంది. దాని మీద యాసిడ్ పోస్తే ఏమవుతుంది? యాసిడ్‌కు గార (నీళ్ళు ఆరాక పేరుకునే తెల్లటి పొర) వేరు, సిమెంటు వేరు అని తెలియదు. రెండింటిలోనూ సున్నం ఉంది, రెండింటినీ కరిగిస్తుంది. బుసబుసమని నురగ వచ్చి తెల్లగా కనబడింది కదా, మరకతో పాటు సందు పైపొర కూడా కరిగి ట్రాప్‌లోకి వెళ్ళిపోయింది. కింద మిగిలింది గరుకుగా, గుల్లగా ఉంటుంది. ఆ గుల్లలో సబ్బు, నూనె, పాచి ఇంకా తేలిగ్గా కూర్చుంటాయి. అందుకే నాలుగో రోజుకి మళ్ళీ నలుపు. మళ్ళీ యాసిడ్, మళ్ళీ ఇంకొంచెం లోతు. కొన్ని ఇళ్ళలో సందులో రూపాయి బిళ్ళ అంచు దిగేంత గుంట పడటం చూశాను.

యాసిడ్ పొగ కుళాయిల మెరుపును కూడా తినేస్తుంది. షవర్ స్క్రూలు, తలుపు బోల్టులు తుప్పు పట్టి, ఆ తుప్పునీళ్ళు కారి సందుల్లో గోధుమ గీతలు పడతాయి. మీ గడప దగ్గర కడప బండ వేసి ఉంటే అదీ సున్నపురాయే, యాసిడ్ పడ్డచోట నునుపు పోయి తెల్లగా పాలిపోతుంది.

ఇప్పుడు మరకల సంగతి. మీరు అన్నిటినీ కలిపి "మురికి" అన్నారు, కానీ మీ బాత్రూమ్‌లో కనీసం మూడు రకాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో మందు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, కొన్నిసార్లు చెడగొడుతుంది కూడా. అందుకని రుద్దడం మొదలెట్టేముందు పది నిమిషాలు కేటాయించి, అది ఏమిటో తేల్చుకోండి.

బాత్రూమ్ బాగా ఆరి ఉన్నప్పుడు ఒక నిమ్మచెక్క తీసుకుని కుళాయి కింద టైలు మీద పేరుకున్న తెల్లటి పొర మీద రెండు చుక్కలు పిండండి. సందు మీద కాదు, టైలు మీదే. సందులోని సిమెంటు కూడా నిమ్మరసానికి పొంగుతుంది కాబట్టి అక్కడ తేడా తెలియదు. సన్నగా బుడగలు వస్తే అది నీటి గార. బుడగలు రాకుండా, గోరుతో గీకితే మైనంలా ముద్దగా లేస్తే అది సబ్బు జిడ్డు. నల్లటి చోట పలచటి బ్లీచ్ ఒక చుక్క దూదితో అద్ది ఐదు నిమిషాలు చూడండి. రంగు పాలిపోతే బూజు. పాలిపోకపోతే మట్టి, నూనె పేరుకున్న నలుపు, లేదా ఇనుము మరక. ఒక సంగతి: నిమ్మరసం పడ్డ చోటికి బ్లీచ్ తగలనీయకండి. రెండు పరీక్షలూ వేర్వేరు మూలల్లో చేయండి.

గార మన బెంగళూరులో ఇంత ఎందుకంటే నీళ్ళే కారణం. ఊరి తూర్పు వైపు 1000 అడుగులు దాటిన బోర్లు సాధారణం. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. నీళ్ళు వేడెక్కినా, ఆరిపోయినా కాల్షియం రాయిలా మిగులుతుంది. గీజరు కుళాయి చుట్టూ గార ఎక్కువగా ఉండటం మీరు గమనించే ఉంటారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం (అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ అసోసియేషన్‌ను అడిగి నీటి పరీక్ష రిపోర్టు తెప్పించుకోండి. ఆ ఒక్క అంకె తెలిస్తే మీ బాత్రూమ్ కథ సగం తెలిసినట్టే.

ఈ నీళ్ళకే ఇంకో గుణం ఉంది. సబ్బు కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని ముద్ద అవుతుంది. ఊళ్ళో చెరువు నీళ్ళతో స్నానం చేసినప్పుడు రాని జిడ్డు ఇక్కడ గోడలకు పడుతుందంటే అదే. మన ఇళ్ళలో దానికి తోడు తలంటు నూనె, సున్నిపిండి. గోడ మీద మీరు చూసే పసుపు రంగు చాలావరకు ఇదే జిడ్డు. నిజమైన పసుపు మరక కూడా కొంత ఉండొచ్చు, శుక్రవారాలు పసుపు రాసుకుని స్నానం చేసే అలవాటు ఇంట్లో ఉంటే.

శుభ్రం చేసే పని రెండు రోజులకు విడగొట్టుకోండి. మొదటిరోజు జిడ్డు, బూజు. రెండోరోజు గార. ఈ వరుస మార్చకండి. పైన జిడ్డు ఉండగా గార మందు లోపలికి పోదు.

జిడ్డుకు కావలసింది చాకలి సోడా, అంటే బట్టల సోడా. వంటసోడా కాదు, దానికంటే ఘాటైనది, కిరాణా కొట్లోనే దొరుకుతుంది. చేతి తొడుగులు వేసుకుని, లీటరు బాగా వేడినీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా వేయండి. సందుల వెంట పోసి పావుగంట వదిలేయండి. తర్వాత నైలాన్ బ్రష్షుతో, సందు వెంట ముందుకూ వెనక్కూ రుద్దండి. ఇనుప బ్రష్షు, స్టీలు పీచు వద్దు. వాటి తునకలు సందులో ఇరుక్కుని తుప్పు పడతాయి, టైలు మీద గీతలు పడతాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. రుద్దాక వచ్చిన నల్లటి నీళ్ళను అలాగే వదిలి, తీరిగ్గా బకెట్ నీళ్ళు కొడతారు. ఈలోపు ఆ మురికినీళ్ళను గుల్లబారిన సందు మళ్ళీ పీల్చేసుకుంటుంది. ఆరాక చూస్తే ఏమీ పోలేదనిపిస్తుంది. అందుకని రెండడుగుల మేర రుద్దండి, వెంటనే తడిగుడ్డతో ఎత్తేయండి, మంచినీళ్ళు పోయండి, వైపరుతో లాగేయండి, అప్పుడే తర్వాతి రెండడుగులకు వెళ్ళండి. వీలైతే ఈ కడిగే నీళ్ళు కావేరీవో, ఫిల్టరువో వాడండి. సగం శ్రమ ఈ ఎత్తేయడంలోనే ఉంది, ఫలితమంతా కూడా అందులోనే ఉంది.

సోడా పోసినచోట పసుపు మరక హఠాత్తుగా ఎర్రగా మారితే భయపడకండి. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది, పారాణికి పసుపులో సున్నం కలిపినప్పుడు చూస్తాం కదా, అదే. కడిగేస్తే తగ్గుతుంది. మిగిలిన రంగును హైడ్రోజన్ పెరాక్సైడ్ తీస్తుంది. కిటికీలోంచి ఎండ పడే చోటైతే ఎండే తీసేస్తుంది.

బూజుకు కూడా నేను మీ ఇంట్లో ముందు చెప్పేది పెరాక్సైడే, ఎందుకంటే దానికి బ్లీచ్‌కున్న ఘాటు వాసన లేదు. మందుల షాపులో పుండ్లు కడగడానికి ఇచ్చే సీసానే. దాన్ని వంటసోడాలో ముద్దగా కలిపి నల్లటి సందుల మీద పూసి, 20 నిమిషాలు ఆగి, బ్రష్షుతో రుద్ది కడగండి. గోడ మీద అయితే దూదిని పెరాక్సైడ్‌లో ముంచి తాడులా చేసి సందు మీద అంటించండి, జారిపోకుండా ఉంటుంది. ఒక్కసారికి పోకపోతే మర్నాడు మళ్ళీ. మూడుసార్లకూ పోని నలుపు ఉంటే అప్పుడు బ్లీచ్: ఒక వంతుకు పది వంతుల చన్నీళ్ళు, పది నిమిషాలు, కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి. అత్తగారు ఆ పూట వేరే గదిలో తలుపు వేసుకుని ఉండాలి, లేదా బంధువుల ఇంటికి వెళ్ళిరావాలి.

మీరు కలిపిన వంటసోడా, వెనిగర్ ఎందుకు పనిచేయలేదో కూడా చెప్తాను. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ నురగ చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ, అది బయటికి పోతున్న కార్బన్ డయాక్సైడ్. కింద మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళలాంటిదే. విడివిడిగా వాడితే రెండూ మంచివే.

కానీ కలపకూడనివి నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి. 2000ల మధ్యలో ఒక సైటులో, ఇళ్ళు అప్పగించే ముందురోజు, బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉన్నదని తెలియక నాతో పనిచేసే ఒక కుర్రాడు దాని మీద యాసిడ్ పోశాడు. కిటికీ ఇంకా పెయింటర్ల అట్టతో మూసే ఉంది. పసుపుపచ్చటి పొగ లేచింది. వాడు దగ్గుతూ బయటికొచ్చి మెట్ల మీద కూలిపోయాడు. ఆస్పత్రిలో మూడురోజులు ఉన్నాడు. వాడు బతికాడు, కానీ ఆ ఏడాదంతా మెట్లెక్కితే ఆయాసపడేవాడు. అది క్లోరిన్ వాయువు. మీరు బ్లీచ్ వాడి, మర్నాడు పనికి వచ్చే ఆమె అలవాటు కొద్దీ టాయిలెట్ క్లీనర్ పోసినా అదే జరగొచ్చు, ఎందుకంటే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. కాబట్టి బ్లీచ్ వాడిన రోజు వేరే ఏదీ వద్దు, బోలెడు నీళ్ళతో కడిగాకే మిగతావి. ఆమెకు ఈ సంగతి మీరే కూర్చోబెట్టి చెప్పండి. రబ్బరు తొడుగులు కొనివ్వండి. ఆ గదిలో వంగి కూర్చుని ఆ గాలి పీల్చేది ఆమె.

రెండోరోజు గారకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు. ఇదీ ఆమ్లమే, కాకపోతే మెల్లగా పనిచేస్తుంది కాబట్టి మన అదుపులో ఉంటుంది. పోసేముందు సందులన్నిటినీ మామూలు నీళ్ళతో బాగా తడపండి. సందు ముందే నీళ్ళు తాగి ఉంటే ఆమ్లాన్ని లోపలికి లాక్కోదు. టైలు మీద, కుళాయి మొదట్లో గుడ్డతో అద్ది ఐదు నిమిషాలకు మించకుండా ఉంచి, రుద్ది, కడిగేయండి. ఆఖరున మగ్గు నీళ్ళలో చిటికెడు వంటసోడా కలిపి సందుల మీద పోస్తే మిగిలిన పులుపు విరిగిపోతుంది. కడప బండ మీద, పాలరాయి మీద ఇది పడనీయకండి.

ట్రాప్ చుట్టూ గోధుమ రంగు ఇనుము మరకైతే దానికీ నిమ్మ ఉప్పే, ముద్దగా చేసి పూయండి. దాని మీద మాత్రం బ్లీచ్ ఎప్పుడూ వాడకండి, తుప్పు ఇంకా గట్టిపడుతుంది.

గోడా నేలా కలిసే మూలలో సిలికాన్ వేసి ఉండి, దాని లోపల నల్లటి చుక్కలు కనిపిస్తుంటే వాటితో కుస్తీ పట్టకండి. బూజు సిలికాన్ లోపలికి వెళ్ళాక ఏ మందూ తీయలేదు. బ్లేడుతో కోసి తీసి, ఆరబెట్టి, శానిటరీ సిలికాన్ కొత్తగా వేసుకోవడమే.

ఇక ఎపాక్సీ ప్రశ్న. పైదంతా చేసి, రెండురోజులు ఆరాక, తాళంచెవి మొనతో సందును గీకి చూడండి. గట్టిగా ఉండి, గీత మాత్రమే పడితే మీకు ఎపాక్సీ అక్కర్లేదు. గ్రౌట్ సీలరు చాలు. అది సందులోకి ఇంకి, నీళ్ళు తాగనివ్వకుండా చేసే ద్రవం. సన్నని కుంచెతో సందు మీద పూసి, టైలు మీద పడ్డది వెంటనే తుడిచేయాలి. పని అయ్యిందో లేదో తెలుసుకోవడం తేలిక: ఆరాక ఒక నీటిచుక్క వేయండి. ముత్యంలా నిలిస్తే సీలు అయ్యింది. సందు ముదురు రంగుకి మారితే ఇంకో పూత కావాలి. ఏడాదికోసారి ఈ చుక్క పరీక్ష చేస్తుండండి.

గీకితే పొడి రాలుతున్నా, సందు టైలు కంటే గుంటగా దిగిపోయినా, శుభ్రం చేసి లాభం లేదు. అప్పుడు తీసి కొత్తది నింపాల్సిందే. మీరు రాసినదాన్ని బట్టి షవర్ కింద నేల ఈ స్థితిలో ఉంటుందని నా అంచనా, గోడలు బాగానే ఉంటాయి. కాబట్టి మొత్తం ఎపాక్సీ అన్నవాళ్ళ మాట నేను ఒప్పుకోను. నేలకు, షవర్ గోడకు భుజం ఎత్తు దాకా ఎపాక్సీ, మిగతా గోడలకు శుభ్రం చేసి సీలరు. నా ఇంట్లో నేను చేసుకున్నది ఇదే. ఎపాక్సీ రెజిన్, హార్డెనర్ కలిపి చేసేది. నీళ్ళు తాగదు, మరక లోపలికి దిగదు. పైన గార మాత్రం పడుతుంది, అది తుడిస్తే పోతుంది.

మేస్త్రీని పిలిచినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "పాతది ఎంత లోతు తీస్తావన్నా?" సందు లోతులో కనీసం మూడింట రెండు వంతులు తీస్తానంటే పని తెలిసినవాడు. "పైన పూసేస్తాం మేడమ్, ఒక్కరోజులో అయిపోతుంది" అంటే పంపించేయండి. పాత సిమెంటు మీద పలచగా రాసిన ఎపాక్సీ కొన్ని నెలల్లో పెచ్చులుగా లేస్తుంది. సందులు 2 మిల్లీమీటర్లే ఉంటే పెద్ద గ్రైండరుతో కోయనీయకండి, టైళ్ళ అంచులు ఎగిరిపోతాయి. చేతి రంపమో, ఊగే బ్లేడు ఉన్న చిన్న మల్టీటూలో వాడాలి. దుమ్ము ఊపిరికి చెడ్డది, మాస్కు తప్పనిసరి, అత్తగారి గది తలుపు కింద తడిగుడ్డ పెట్టండి. తీశాక రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద ఎపాక్సీ పట్టదు. నింపాక టైలు మీద మిగిలిన పొరను అప్పటికప్పుడే తుడిచేయాలి, గట్టిపడితే తియ్యడం చాలా కష్టం. రంగు విషయంలో నా మాట వినండి: తెలుపు వద్దు, లేత బూడిద రంగు తీసుకోండి. ఈ నీళ్ళతో తెలుపు నిలబడదు.

తర్వాత రోజువారీ పని రెండు నిమిషాలే. ఆఖరి స్నానం అయ్యాక వైపరు లాగి, ఫ్యాను అరగంట నడపండి. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ కిటికీ డక్ట్‌లోకి తెరుచుకుంటుంది, ఎండ మొహం చూడదు. జులై, ఆగస్టు ముసురులో ఆ గదిలో తడి మర్నాటిదాకా అలాగే ఉంటుంది. బూజుకు కావలసింది అదే. వారానికోసారి చాకలి సోడా వేడినీళ్ళు పోస్తే జిడ్డు పేరుకోదు.

నీళ్ళ సంగతి అసోసియేషన్ మీటింగులో ఎత్తండి. మీ బిల్డింగులో నీళ్ళలోని కాల్షియం తీసే సాఫ్టెనర్ ప్లాంటు ఉంటే దానిలో ఉప్పు సమయానికి వేస్తున్నారో లేదో కనుక్కోండి. ఉప్పుతో కడగకపోతే దానిలోని రెజిన్ కాల్షియంతో నిండిపోయి, నీళ్ళు ఎలా వచ్చినవి అలాగే బయటికి పోతాయి. చాలా చోట్ల ప్లాంటు ఉంటుంది, ఉప్పు బస్తాలు ఉండవు. 2024 అక్టోబరులో కావేరీ తాగునీటి పథకం ఐదో దశ మొదలైంది, 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసమే అది. మీ ప్రాంతం అందులో ఉండి, అసోసియేషన్ ఇంకా కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టకపోతే పెట్టించండి. 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేసి తెచ్చే ఆ నది నీళ్ళు మన బోరు నీళ్ళంత కఠినంగా ఉండవు.

ఒక్కటి మాత్రం ఇవన్నీ మొదలెట్టేముందు చూడండి. రెండు బాత్రూమ్‌లు ఉన్నాయన్నారు కదా, ఈ బాత్రూమ్‌ను మూడురోజులు అసలు వాడకండి. మూడోరోజు ట్రాప్ చుట్టూ ఉన్న సందులు ఇంకా ముదురు రంగులో, తడిగా కనిపిస్తే, లేదా సందుల్లోంచి తెల్లటి చవుడు పొడిలా పైకి తేలుతుంటే, నీళ్ళు కింద సంకెన్ స్లాబులో (పైపుల కోసం బాత్రూమ్ కింద లోతుగా దించి కట్టిన స్లాబు) నిలిచి ఉన్నాయని అర్థం. అప్పుడు పైన ఎంత మంచి ఎపాక్సీ వేసినా డబ్బు దండగ. కింది ఫ్లాటు వాళ్ళను వాళ్ళ బాత్రూమ్ సీలింగు చూడమనండి. తడి మచ్చ ఉంటే ముందు ప్లంబరును పిలిచి ట్రాప్ జాయింటు, పైపులు పరీక్ష చేయించండి. ఆరిపోయి ఉంటే మాత్రం నేరుగా చాకలి సోడాతో మొదలెట్టండి.